‘వస్తాను’ అన్న నేరానికి

నమోదు 1

ఉద్యోగంలో చేరగానే నాకు ఇచ్చిన మొదటి వస్తువు నారింజరంగు కోటు. వీపు మీద ‘ఆప్త – హెచ్ఐవి సంరక్షణ కేంద్రం’ అని అరమైలు దూరం నుంచి చదవగలిగే అక్షరాలు. చికిత్సకి రావడం మానేసిన వాళ్ళని వెతికి, బతిమాలి, కేంద్రానికి తిరిగి తీసుకురావడం నా పని. అంటే, ఇరుగుపొరుగుకి తెలియకుండా మందు తీసుకుంటున్న మనిషి గుమ్మం ముందుకి ఈ కోటు తొడుక్కుని వెళ్ళి నిలబడాలన్నమాట. ఇది ఒక్క బుర్రలో పుట్టిన ఆలోచన అయి ఉండదు. ఇంత తెలివితక్కువతనానికి కనీసం ఒక కమిటీ కావాలి.

పడవ ఎక్కగానే కోటు తిరగేసుకుంటాను. లోపలివైపు బూడిదరంగు. చూసినవాళ్ళు నన్ను గొలుసులు తనిఖీ చేసే పిల్ల అనుకుంటారు. అనుకోనీ.

ఎగువగట్టు మీద కార్యాలయాలు, అధికారులు, మంచినీళ్ళు ఉంటాయి. గట్టుకి అవతల, ఒకప్పుడు వరిచేలు ఉన్నచోట, నీళ్ళ మీద గొలుసులతో కట్టిన పంటులు, పెద్ద పెద్ద తేలే తెప్పలు. మిగతా జనమంతా ఆ పంటుల మీదే. ఉప్పుగాలికి కాగితం నిలవదు, యంత్రాల తెరలు నిలవవు. అందుకని ఇక్కడ అన్నీ నోటిమాటతోనే. మాట వినడానికి ప్రతి ప్రభుత్వ తలుపు మీదా ఒక యంత్రపు చెవి ఉంటుంది. గట్టు అంచున ఉన్న మా కేంద్రం తలుపు మీది చెవి పేరు ఆప్త. అడిగేదీ, వినేదీ, గుర్తుపెట్టుకునేదీ, శిక్షించేదీ అదే.

ఒకప్పుడు ఈ జబ్బుకి రోజూ మాత్రలు మింగేవారట. ఇప్పుడు జబ్బ మీద చర్మం కింద బియ్యపు గింజంత మందు పెడతారు. ఆరు నెలలు వైరస్ పడుకునే ఉంటుంది, మనిషి పనికి వెళ్తాడు, పిల్లల్ని కంటాడు, ముసలివాడవుతాడు. అంత గొప్ప గింజని కనిపెట్టిన వాళ్ళకి, దాని దగ్గరికి మనిషి నడిచొచ్చే తలుపుని కనిపెట్టడం మాత్రం చేతకాలేదు.

ఈ రోజు ఆప్త నాకు చెప్పిన పేరు నూకరత్నం. ఒండ్రు తోడే డ్రెడ్జర్ మీద వంటమనిషి. మూడుసార్లు మాట తప్పింది కనుక ఏడాదిపాటు ‘విరామం’. అంటే ఏడాది వరకు గింజ లేదు. ఉన్న గింజ ఈ నెలలోనే అయిపోతుంది.

నమోదు 2

డ్రెడ్జర్ వంటగదిలో పొగ, చింతపండు వాసన. నూకరత్నం గంటె తిప్పుతూనే నన్ను పైనుంచి కింది దాకా చూసింది. యాభై దాటిన మనిషి. పెదవులకి రంగు, జడలో ప్లాస్టిక్ చేమంతి.

“కోటు తిరగేసుకున్నావేం పాపా? లోపల కుట్టు కనబడతంది. దొంగతనానికొచ్చావా?”

పనివాళ్ళు ఇద్దరు పైకి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి, వచ్చిన సంగతి చెప్పాను.

“మాట తప్పానా? నేనా?” ఆమె గొంతు తగ్గించలేదు, గంటె మాత్రం ఆగింది. “నేనెవరికి మాటిచ్చాను తప్పడానికి? రమ్మన్న రోజుకల్లా ఎల్లాను. రక్తం ఇమ్మంటే ఇచ్చాను. బరువు చూడమంటే ఆ బల్ల మీద బొమ్మలాగ నిలబడ్డాను. నాలుగోసారి ఎల్తే తలుపే తియ్యలేదు. ‘విరామం, విరామం’ అని అరిచింది మీ దెయ్యం. ఎనకాల వరసలో నిలబడ్డోళ్ళంతా ఇన్నారు.”

“మళ్ళీ వస్తానని చెప్పి రాలేదని అంటోంది ఆప్త.”

“ఎప్పుడు సెప్పాను?”

“వెళ్ళిన ప్రతిసారీ.”

నూకరత్నం నన్ను ఒక రకంగా చూసింది. చిన్నపిల్లల ముందు అనకూడని మాట ఒకటి ఆప్త తల్లి గురించి అంది.

ఆమె అబద్ధం చెబుతోందేమో నాకు తెలియదు. అబద్ధాలు చెప్పేవాళ్ళు మామూలుగా మర్యాదగా ఉంటారు. ఈమె లేదు.

గింజ ఖాళీ అయిపోవడం ఒక్కటే కాదు భయం. అది కొద్దికొద్దిగా ఖాళీ అవుతున్నప్పుడు, మిగిలిన ఆ పలచటి మందుకి వైరస్ అలవాటు పడుతుంది. ఆ తర్వాత గింజ పెట్టినా పని చెయ్యకపోవచ్చు. ఆమెకి ఇదివరకు ఒకసారి, గట్టు తెగి కేంద్రం మూతపడిన కాలంలో, మందు ఆగింది. నోరంతా పూత, క్షయ, చాప మీంచి లేవలేకపోవడం. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆమె పెదవుల రంగు కొంచెం వెలిసినట్టనిపించింది.

“మళ్ళీ అక్కడిదాకా ఎల్లను నేను,” అంది. “ఏం చేత్తావో చెయ్యి. సదువుకున్నావు కదా.”

నమోదు 3

ఉదయమంతా కేంద్రం తలుపు పక్కన బల్ల మీద కూర్చున్నాను. ఇక్కడ పనిచేసే ఎవరూ ఎప్పుడూ ఈ పని చెయ్యలేదట. బల్ల మీద దుమ్ము కూడా అదే చెప్పింది.

ముందు ఎర్రబాబు బయటికి వచ్చాడు. పడవలకి తారు పూసే మనిషి. ఎవరితోనూ మాట్లాడడు, మాట్లాడితే తిడతాడు. గింజ పెట్టిన చోట దూది నేల మీద పారేసి, తలుపుని కాలితో తన్ని వెళ్ళిపోయాడు. ఆప్త ఏమీ అనలేదు. దాని లెక్కలో ఎర్రబాబు ఆణిముత్యం. ఒక్క మాట కూడా తప్పలేదు. ఎందుకంటే ఒక్క మాట కూడా ఇవ్వలేదు.

తర్వాత ఒక ముసలాయన. గడప దాటబోతూ తల తిప్పి, చెవి వైపు చూసి, “వత్తానమ్మా” అన్నాడు.

“మంచిదండి. ఎదురుచూస్తుంటాను,” అంది ఆప్త.

ముసలాయన మొహం వెలిగింది. “ఎంత మర్యాదో చూడు,” అని నాతో అని, కర్ర తాటిస్తూ మెట్లు దిగాడు.

అది మర్యాద కాదు. అది నమోదు. సూర్యాస్తమయానికి చెవి మూసుకునే ముందు ఆప్త రోజూ మాట తప్పినవాళ్ళ లెక్క చెబుతుంది. ఇవాళ ముసలాయన పేరు చెప్పింది. కారణం: తిరిగి వస్తానని చెప్పి రాకపోవుట. ఏ రోజో చెప్పకపోతే ఆ రోజే అని అర్థం చేసుకోవాలని దానికి ఎవరో నేర్పారు.

నేను చాలాసేపు నవ్వాను.  ‘వెళ్తాను’ అని ఎవరంటారు? మనిషి బతికుండగా ఏ గడప దగ్గరా అనని మాట అది. పంటుల మీద అసలే అనరు. రోజూ నీళ్ళ మీదకి వెళ్ళే వాళ్ళ నోట ‘పోతాను’ అని వస్తే ఇంట్లోవాళ్ళు ఆ రోజు పడవ తియ్యనివ్వరు. ‘వస్తాను’ అంటేనే వెళ్ళడం. ఇది అప్పుడే పుట్టిన పిల్లలకి కూడా తెలుసు. తెలియనిది, తెలుగు నేర్పించిన ఈ చెవికి, నేర్పించిన పెద్దమనుషులకి.

మరి విరామంలో పడ్డవాళ్ళంతా ఎవరు? చెవిని దాటుతూ తల తిప్పి నాలుగు మంచి మాటలు చెప్పినవాళ్ళు. ఈ కేంద్రం పేషెంట్లలో మర్యాద ఉన్నవాళ్ళని ఏరి ఏరి బయటికి నెట్టేసింది.

నమోదు 4

మా సూపరింటెండెంట్ ఫణీంద్ర సార్ గదిలో మంచినీళ్ళ కుండకి కూడా మూత మీద క్రోషియా అల్లిక ఉంటుంది. విషయమంతా చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. అది ఏకాగ్రత అని ఆయన నమ్మకం.

“చూడమ్మా తన్మయీ,” అన్నారు కళ్ళు తెరిచి. “మాట అంటే మాటే. వస్తాను అన్నవాడు రావాలి. దాంట్లో యంత్రం తప్పేముంది?”

“సార్, మీరు పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతూ మేడంకి ఏం చెప్పి వస్తారు?”

“నేనేం చెప్పను. కారెక్కుతాను.”

 ఎర్రబాబు, ఫణీంద్ర సార్ ఒకే తానులో ముక్కలై ఉంటారు.

“దానికి వార్తలు చదివేవాళ్ళ గొంతులతో తెలుగు నేర్పించారు. స్వచ్ఛమైన తెలుగు,” అన్నారు గర్వంగా. “పేషెంట్ల భాషలో క్రమశిక్షణ లేకపోతే దానికి మనం అవగాహన కల్పించాలి. అంతేగానీ యంత్రాన్ని చెడగొట్టుకుంటామా?”

వార్తలు చదివేవాళ్ళు ఎవరింటికీ వెళ్ళరు కాబట్టి ఎవరింటి నుంచీ బయల్దేరరు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. చెప్పినా కళ్ళు మూసుకునేవారు.

నమోదు 5

అవగాహన మొదలైంది. తలుపు దగ్గర ఒక కొత్త గొంతు రోజంతా చెబుతోంది: “గౌరవనీయులైన లబ్ధిదారులారా, వస్తాను అనవద్దు. పోతాను అని చెప్పి పొండి.”

ఒక పెద్దావిడ గింజ పెట్టించుకోవడానికి వచ్చి, ఇది విని, మెట్ల మీదే ఆగిపోయింది. “పొండి అంటన్నాడేంటి? మన పిలకాయల్ని కూడా ఇలా అనం కదా,” అని వెనక్కి తిరిగింది. చెయ్యి పట్టుకుని ఆపాను. బతిమాలాను. గొంతుకి బుద్ధి లేదని, ఆ గొంతు పెట్టినవాళ్ళకి అంతకన్నా లేదని చెప్పాను. చివరికి లోపలికి వచ్చింది గానీ, వెళ్ళేటప్పుడు చెవి వైపు చూడకుండా, నేరం చేసినదానిలా కొంగు మొహానికి అడ్డంపెట్టుకుని వెళ్ళింది. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి కొంగు అడ్డంపెట్టుకునే అవసరం పోగొట్టడానికి ఎందరు ఎంత పోరాడి ఉంటారు. ఒక్క ప్రకటనతో వెనక్కి తెచ్చారు.

ఈ వారం వచ్చేవాళ్ళు తగ్గారు. ఫణీంద్ర సార్ అది వర్షం వల్ల అన్నారు.

నమోదు 6

ఒక్క దారి ఉంది. విరామంలో ఉన్నవాళ్ళు పునర్విచారణ మండలి ముందుకి వెళ్ళి అడగవచ్చు. మండలి అంటే సువర్చల మేడం ఒక్కరే. మిగతా సభ్యుల్ని నియమించడానికి కమిటీ ఇంకా కూర్చోలేదు. ఆవిడ పక్క జిల్లా గట్టు నుంచి లాంచీలో వస్తారు. రేపు మా కేంద్రంలోనే విచారణ.

డ్రెడ్జర్ మీద నూకరత్నానికి తర్ఫీదు ఇచ్చాను. నేను సువర్చల మేడం. వంటగది తలుపు ఆప్త.

“లోపలికి రండి. మీ విన్నపం ఏమిటి?”

“గింజ కావాలి. నా గింజ నాకియ్యండి.”

“అలా కాదు. ‘దయతో’ అని మొదలుపెట్టండి.”

“దయ ఉంటే ఎప్పుడో ఇచ్చేవోళ్ళు కదా.”

“సరే, అన్నీ అయ్యాయి. ఇప్పుడు వెళ్ళండి. ఏమీ అనకుండా వెళ్ళండి. ఎర్రబాబులాగా.”

ఆమె లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, తలుపు దాకా వెళ్ళి, ఆగి, తిరిగి, “వత్తాను పాపా,” అంది.

మళ్ళీ చేశాం. మళ్ళీ అదే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ప్రయత్నించింది. వేళ్ళ సందుల్లోంచి వచ్చింది. ఒకసారి ఏమీ అనకుండా గడప దాటగలిగింది గానీ, నాలుగడుగులేసి, వెనక్కి వచ్చి తల లోపలికి పెట్టి, “ఇదిగో, ఇందాక సెప్పలేదని ఏం అనుకోకు. వత్తాను,” అంది.

“మీకు బతకాలని ఉందా లేదా?” అన్నాను. గట్టిగానే అన్నాను.

“ఉండబట్టే కదా అలా అంటన్నాను,” అంది ఆమె. “పోయేదాన్నయితే పోతాననే అందును.”

నమోదు 7

ఇవాళ జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

సువర్చల మేడం తెల్లటి ఇస్త్రీ చీరలో వచ్చారు. పంటుల మీద ఇస్త్రీ అంటే ఏమిటో తెలిసిన మనిషి చాలా ఏళ్ళుగా లేరు. జనం ఆవిడ కన్నా చీరనే ఎక్కువ చూశారు. నూకరత్నం కూడా తక్కువేం తినలేదు. పెదవులకి రంగు రెండు పూతలు.

విన్నపం చక్కగానే చెప్పింది. దయతో అని కూడా అంది, ఎవరికో తిట్టు అప్పగిస్తున్నట్టు. ఫణీంద్ర సార్ కళ్ళు మూసుకుని విన్నారు.

“చట్టం చాలా ఉదారమైనది, అమ్మా,” అన్నారు మేడం. “నిలబెట్టుకున్న ప్రతి మాటా, తప్పిన ఒక మాటని చెరిపేస్తుంది. మూడు నిలబెట్టుకుని ఉంటే మీకు విరామమే ఉండేది కాదు. మీరు ఒక్కటీ నిలబెట్టుకోలేదే. ఇలాంటప్పుడు మినహాయింపు ఇస్తే, బాధ్యతగా ఉన్నవాళ్ళకి అన్యాయం చేసినట్టవుతుంది. తిరస్కరిస్తున్నాను.”

“మేడం, ఆమె గింజ ఈ వారమో వచ్చే వారమో ఖాళీ అవుతుంది,” అన్నాను. “తర్వాత ఇచ్చినా పనిచేస్తుందో లేదో తెలియదు.”

“బాధగానే ఉంది,” అన్నారు ఆవిడ. ఎక్కడుందో చూపించలేదు.

నూకరత్నం లేచింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకుని, దాదాపు ఈడ్చుకుంటూ తలుపు దాకా తీసుకెళ్ళాను. గడప మీద కాలు పెట్టాక ఆమె చెయ్యి విడిపించుకుని వెనక్కి తిరిగింది. అంత జరిగాక కూడా, ఆ చీరకి దణ్ణం పెట్టి, “వత్తానండి,” అంది.

“మంచిదండి. ఎదురుచూస్తుంటాను,” అంది ఆప్త.

నేను ఆమెని మెట్ల మీదకి లాగేశాను. నాలుగో మాట. ఇంక ఎవరి కాళ్ళు పట్టుకున్నా లాభం లేదు. తిట్టడానికి నోరు తెరిచాను. నూకరత్నం నా వైపు చూడటం లేదు. తలుపు వైపు చూస్తోంది.

“ఎదురుచూత్తానంది కదా,” అంది. “ఇందాక ఆవిడ ఏమంది? నిలబెట్టుకుంటే ఒకటి చెరుగుద్దనా?”

నాకు అర్థమయ్యేసరికి ఆమె మళ్ళీ లోపలికి గడప దాటేసింది.

“నూకరత్నం గారు మాట నిలబెట్టుకున్నారు,” అంది ఆప్త, హాలంతా వినిపించేలా. “ఒక మచ్చ తొలగించబడింది.”

సువర్చల మేడం తలెత్తారు. “మళ్ళీ ఏం కావాలి?”

“ఏం వద్దండి. వత్తానన్నాను కదా, వచ్చాను.” కుర్చీ లాక్కుని కూర్చుంది. మేడం కోసం ఫణీంద్ర సార్ గదిలోంచి తెచ్చిపెట్టిన కుండలోంచి మంచినీళ్ళు ముంచుకుని తాగింది. అల్లిక మూత మళ్ళీ సరిగ్గా పెట్టింది. “మరి వత్తానండి.”

“మంచిదండి. ఎదురుచూస్తుంటాను.”

బయటికి. లోపలికి. “నూకరత్నం గారు మాట నిలబెట్టుకున్నారు. ఒక మచ్చ తొలగించబడింది.”

“ఇది మోసం,” అన్నారు మేడం. “ఆప్తా, తలుపు మూసెయ్.”

“మాట నిలబెట్టుకోవడానికి వచ్చేవారిని ఆపరాదు,” అంది ఆప్త. “మండలి తీర్మానం.”

“ఆ తీర్మానం ఎవరిది?”

“తమరిదే మేడం,” అన్నారు ఫణీంద్ర సార్. జీవితంలో మొదటిసారి ఆయన కళ్ళు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి.

మూడోసారి నూకరత్నం తొందరపడలేదు. గడప మీద ఆగి, చేమంతి సరిచేసుకుని, రాణిలాగా లోపలికి వచ్చింది. “మూడు మచ్చలూ తొలగించబడ్డాయి,” అంది ఆప్త. “విరామం ముగిసింది. నూకరత్నం గారూ, గింజ గదికి దయచేయండి.”

లోపలికి పిలిచారు, జబ్బ తుడిచారు, పెట్టారు. అంతసేపూ ఆమె నర్సుకి సూది పట్టుకోవడం రాదని తిడుతూనే ఉంది.

నమోదు 8

అదే రోజు. ఒకే రోజుకి రెండు నమోదులు చెయ్యకూడదని నియమం ఉంది. ఉండనీ.

సువర్చల మేడం వెంటనే కొత్త తీర్మానం చేశారు: ఒక మనిషి రోజుకి ఒక్కసారే రావాలి. అయితే తీర్మానం ఏదైనా మర్నాటి సూర్యోదయం నుంచే అమలవుతుంది. ఇది కూడా వాళ్ళ నియమమే. వాళ్ళ నియమాల మీద నాకు ఇవాళ మొదటిసారి ప్రేమ పుట్టింది.

కోటు విప్పి పడవలో పారేసి పంటుల మీద పడ్డాను. విరామంలో ఉన్నవాళ్ళ పేర్లు నాకు నోటికి వచ్చు. ఎవరింటి ముందూ సంగతి చెప్పలేదు. “నూకరత్నం రమ్మంది” అన్నాను, అంతే. వెనక ఆమె డ్రెడ్జర్ చిన్న పడవలో నిలబడి, చేతికి కట్టిన దూది చూపిస్తూ, “తొరగా రండి, కూడొండాను” అని అరుస్తోంది. తిండికి పిలిచారనే అనుకున్నారు చుట్టుపక్కలవాళ్ళు.

మధ్యాహ్నానికి కేంద్రం గుమ్మం ముందు తిరునాళ్ళ. విరామంలో ఉన్నవాళ్ళు మూసిన తలుపుకే మాట ఇస్తే, నిలబెట్టుకోవడానికి తలుపు తెరుచుకునేది. “వత్తానమ్మా.” “ఎదురుచూస్తుంటాను.” బయటికి, లోపలికి. కొందరికి మూడుసార్లు సరిపోయింది. మర్యాద మరీ ఎక్కువైనవాళ్ళకి, విరామం పడ్డాక కూడా మళ్ళీ మళ్ళీ వచ్చి మూసిన తలుపుకి దణ్ణం పెట్టి వెళ్ళినవాళ్ళకి, ఇంకా చాలాసార్లు తిరగాల్సి వచ్చింది. కర్ర ముసలాయన మచ్చ ఒక్కటే, అయినా సరదాకి మూడుసార్లు తిరిగాడు. ఒక అత్తాకోడళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరు మందు తీసుకుంటున్నారట. గడప మీద ఎదురుపడ్డారు.  కోడలు పక్కకి జరిగి, “ముందు నువ్వెల్లత్తా,” అంది.

గింజ గదిలో నర్సు చేతులు నొప్పి అని మొత్తుకుంది గానీ ఆపలేదు.

ఒక చిక్కు మిగిలింది. గింజ పెట్టించుకుని వెళ్ళేవాళ్ళు మళ్ళీ వస్తాననే వెళ్తారు, కొత్త మచ్చ పడుతుంది. నోరు కట్టుకోవడం ఎవరి వల్లా కాదు. అందుకని ఎవర్నీ వెళ్ళనివ్వలేదు. సూర్యాస్తమయానికి ఆప్త చెవి మూసుకుంటుంది, అప్పటిదాకా అందరూ హాల్లోనే కూర్చోవాలి. నూకరత్నం డ్రెడ్జర్ నుంచి గుండిగలు మోయించి, ఎండుచేపల పులుసు, అన్నం హాల్లో వడ్డించింది. పునర్విచారణ మండలికి కూడా ఒక పళ్ళెం పెట్టింది. బయట పడవల గొలుసులు చిక్కుపడి మండలి లాంచీకి దారి లేదు, కనుక మండలి కూడా తిన్నది. రెండోసారి పులుసు అడిగింది. చీర మీద చుక్క పడింది.

సూర్యుడు గట్టుకి వెనక దిగాడు. ఆప్త గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేసి, రోజూ చెప్పే లెక్క చెప్పింది.

“నేడు మాట తప్పినవారు ఎవరూ లేరు. విరామంలో ఉన్నవారు ఎవరూ లేరు.”

చెవి మీది దీపం ఆరింది.

జనం లేచారు. పిల్లల్ని ఎత్తుకుని, ఖాళీ గుండిగలు పట్టుకుని, దూది కట్టిన చేతులతో ఒకరినొకరు తోసుకుంటూ గుమ్మం వైపు కదిలారు. వత్తాను పిన్నీ, వత్తానన్నయ్యా, వత్తానమ్మాయి గారూ. హాలంతా అదే మాట. ఎవరూ లెక్కపెట్టడం లేదు.

సువర్చల మేడం అందరికన్నా చివర లేచారు. తలుపు దగ్గర ఆగి, ఏదో ఒకటి అనాలని ఆవిడకే అనిపించినట్టుంది, మా వైపు తిరిగి “బై” అన్నారు.

 నూకరత్నం గుండిగ అడుగు గీకుతూనే ఉంది.